పికప్‌కీ పెట్టెకీ మధ్య పది మీటర్లు

దుమ్ముగూడెం దాటి చర్ల వైపు వెళ్తుంటే దారిలో ఒక చిన్న పల్లె. క్రిస్మస్‌కు ముందు వారం. చర్చి ముందు టార్పాలిన్ పందిరి, వెనక జనరేటర్, అటొకటి ఇటొకటి సౌండ్ పెట్టెలు, మధ్యలో చిన్న మిక్సర్. కీబోర్డ్ చక్కగా పలుకుతోంది. గిటార్ మాత్రం దుప్పటి కప్పుకుని మూలుగుతున్నట్టుంది. వాయిస్తున్న కుర్రాడు ఆంప్ మీద ట్రెబుల్ గుండీని చివరిదాకా తిప్పేశాడు. లాభం లేదు. "అన్నా, మొన్న ఇంటికాడ వాయిస్తే ఇట్ల లేదు. స్ట్రింగ్స్ కూడా కొత్తవే ఎక్కించిన. పికప్ పోయిందంటవా?" అని అడిగాడు.

పికప్ పోలేదు. ఆంప్ దూరంగా పెట్టారని రెండు అయిదు మీటర్ల కేబుళ్లను జాయింటరుతో కలిపి వాడుతున్నాడు. నా సంచిలో మూడు మీటర్లది ఒకటి ఉంది. ఆంప్‌ను అతని పక్కకు జరిపి అది తగిలించాం. మొదటి స్ట్రోక్‌కే గొంతు విచ్చుకుంది. కీబోర్డ్ దగ్గరున్న చెల్లెలు తలతిప్పి చూసింది. గిటార్ అదే, ఆంప్ అదే, చెయ్యి అదే. మారింది ఒక్క వైరు.

కేబుల్ వల్ల గిటార్ టోన్ మారుతుందా అన్న ప్రశ్నకు ఆ రాత్రి దొరికిన జవాబు 'మారుతుంది' అనే. కానీ అక్కడితో ఆగితే మోసపోతాం. ఎందుకు మారుతుంది, ఏ వాయిద్యానికి మారుతుంది, దేనికి అసలు మారదు అన్నవి విడదీసి చూసుకోకపోతే, ఆ ఒక్క 'మారుతుంది'ని పట్టుకుని బంగారు పూత పిన్నులూ, ఆక్సిజన్ లేని రాగీ, బాణం గుర్తులూ మన చేత కొనిపిస్తారు. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం మధ్య వాయించేవాళ్లలో ఎక్కువమంది చర్చి బృందాల్లోనో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనో, కాలేజీ ఫంక్షన్లలోనో ఉన్నవాళ్లు. వాళ్లు కేబుల్ మీద పెట్టే ప్రతి రూపాయీ ఇంకోచోట నుంచి తీసి పెట్టేదే. అందుకే ఈ లెక్క తేల్చుకోవడం నాకు ముఖ్యం అనిపిస్తుంది.

ఈ ఊళ్లలోకి గిటార్ ఎక్కువగా చర్చి ద్వారానే వచ్చింది. ఖమ్మం పక్కనే డోర్నకల్ ఉంది. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912లో అక్కడ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన తొలి భారతీయుడు ఆయనే. గోపురాలూ స్తంభాలూ మన గుడినీ మసీదునూ తలపించేలా కట్టించిన అక్కడి కెథడ్రల్‌ను 1939లో ప్రతిష్ఠించారు. హార్మోనియం, తబలా, తాళాలతో నడిచిన చర్చి పాటల్లోకి తర్వాత కీబోర్డూ, ప్యాడ్సూ, గిటారూ చేరాయి. ఇంకో పక్క ఈ అడవి సొంత వాయిద్యం కోయల డోలు. మణుగూరు ప్రాంతపు డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. కొమ్ము నృత్యంలో ఆ డోలు మోత ఊరవతలికి వినబడటానికి ఏ వైరూ అక్కర్లేదు. ఎలక్ట్రిక్ గిటార్ సంగతి వేరు. వైరు లేకపోతే దానికి గొంతే లేదు. వైరు కూడా ఆ వాయిద్యంలో ఒక భాగమే అన్నది నా వాదన.

ఎలాగో చూద్దాం. మామూలు ఎలక్ట్రిక్ గిటార్ పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగను వేల చుట్లు చుట్టిన కాయిల్. సింగిల్ కాయిల్ అయితే దాని నిరోధం ఆరేడు వేల ఓంలు, ఇండక్టెన్స్ రెండు మూడు హెన్రీలు. కేబుల్ అంటే మధ్యలో ఒక రాగి తీగ, చుట్టూ ప్లాస్టిక్, దాని మీద అల్లిన రాగి షీల్డ్. రెండు లోహాల మధ్య ప్లాస్టిక్ ఉంటే అది కెపాసిటర్ అయి తీరుతుంది. ఎంత పొడవుంటే అంత పెద్ద కెపాసిటర్. గిటార్ కేబుళ్లలో మీటరుకు 50 పికోఫారడ్లున్నవీ దొరుకుతాయి, 160 ఉన్నవీ దొరుకుతాయి. ఎక్కువభాగం 100కీ 150కీ మధ్య ఉంటాయి.

కాయిలూ ఈ కెపాసిటరూ కలిస్తే ఒక ఉయ్యాల తయారవుతుంది. ఆ ఉయ్యాలకు ఒక సొంత ఊపు ఉంటుంది. ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర శబ్దం ఉబికి వస్తుంది, దాన్ని దాటగానే జారిపోతుంది. 2.5 హెన్రీల పికప్‌కు మీటరుకు 100 పికోఫారడ్ల కేబుల్ మూడు మీటర్లు తగిలించామనుకోండి. కేబుల్‌ది 300, కాయిల్‌కు సొంతంగా ఉండేది 100 దాకా, మొత్తం 400 పికోఫారడ్లు. లెక్క కడితే ఉబుకు 5,000 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. ఇప్పుడు మీటరుకు 150 ఉన్న కేబుల్ పది మీటర్లు తీసుకోండి. మొత్తం 1,600 పికోఫారడ్లు. ఉబుకు 2,500 దగ్గరకు దిగిపోతుంది. కెపాసిటెన్స్ నాలుగింతలైతే ఫ్రీక్వెన్సీ సగమైంది. ఆ రాత్రి పందిట్లో జరిగింది సరిగ్గా ఇదే.

గిటార్ మీద 22వ ఫ్రెట్‌లో పలికే అన్నిటికన్నా పైస్వరం 1,175 హెర్ట్జే కదా, 2,500 పైన పోతే ఏమిటి అని అడగొచ్చు. పోయేది స్వరం కాదు, స్వరం అంచు. ప్లెక్ట్రమ్ తీగకు తగిలే ఆ చిటుకు, లోహపు మెరుపు, ఒక తీగకూ ఇంకో తీగకూ ఉన్న ఎడం, ఇవన్నీ అక్కడే ఉంటాయి. మన చెవి బాగా చురుగ్గా ఉండేది కూడా రెండు వేల నుంచి అయిదు వేల హెర్ట్జ్ మధ్యనే. పాత ల్యాండ్‌లైన్ ఫోను 3,400 దాటిన శబ్దాన్ని పంపేది కాదు. అందుకే ఆ ఫోనులో ఎవరైనా కొత్త పేరు చెబితే 'స' అన్నారో 'ఫ' అన్నారో తెలియక మళ్లీ అడిగేవాళ్లం. మాట వినబడుతుంది, గొంతూ గుర్తుపడతాం, కానీ అక్షరం అంచు అరిగిపోతుంది. పొడవాటి కేబుల్ గిటార్‌కు చేసేది అదే.

ఇంకొక సంగతిని చాలామంది గమనించరు. గిటార్ మీద వాల్యూమ్ గుండీ పూర్తిగా తెరిచి ఉన్నప్పటికన్నా కాస్త తగ్గించినప్పుడు కేబుల్ ప్రభావం బాగా పెరుగుతుంది. గుండీలోని నిరోధం సిగ్నల్ దారికి అడ్డంగా చేరి, కేబుల్ కెపాసిటెన్స్‌తో కలిసి పైశబ్దాన్ని కోసేస్తుంది. పాట మధ్యలో పాడేవాళ్లకు చోటివ్వడానికి వాల్యూమ్ తగ్గిస్తే శబ్దం చిన్నదవడమే కాక మొద్దుబారుతుంది. మంచి మెకానిక్ ఆ గుండీ కాళ్ల మధ్య వెయ్యి పికోఫారడ్ల లోపు చిన్న కెపాసిటర్ పెడతాడు. పైశబ్దం గుండీని తప్పించుకుని వెళ్లిపోతుంది. ఖరీదైన కేబుల్ కన్నా ఈ చిల్లర భాగం చేసే మేలే ఎక్కువ.

ఈ చిక్కు ఎలక్ట్రిక్ గిటార్ పుట్టకముందే ఇంజనీర్లకు ఎదురైంది. 1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున తొలి టెలిగ్రాఫ్ కేబుల్ వేసినప్పుడు విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం అవతలికి చేరడానికి దాదాపు 16 గంటలు పట్టింది. చుట్టూ ఉన్న సముద్రపు నీటికీ లోపలి రాగికీ మధ్య ఆ కేబుల్ పెద్ద కెపాసిటర్ అయి, ప్రతి సంకేతాన్నీ అలుక్కుపోయేలా చేసింది. భౌతిక శాస్త్రవేత్త విలియమ్ థామ్సన్ ఆ లెక్కను ముందే చెప్పాడు. మనం వాడే పావు అంగుళం పిన్ను కూడా ఆ కుటుంబానిదే. 19వ శతాబ్దపు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటర్లు ఒక లైనును ఇంకో లైనుకు కలపడానికి గుచ్చిన పిన్ను అది. మన సౌండ్ షాపుల్లో 'పీ-38 మోనో' అని అడిగి కొంటున్నది దాన్నే.

టోన్ విషయంలో కెపాసిటెన్స్ తర్వాత లెక్కపెట్టదగ్గది దాదాపు ఇంకేమీ లేదు. అయిదు మీటర్ల కేబుల్‌లో మధ్య తీగ నిరోధం అర ఓం దాటదు. ఆరు వేల ఓంల పికప్ ముందు అది గోదాట్లో చెంబెడు నీళ్లు. కాబట్టి రాగి ఎంత లావు, ఎంత శుద్ధం అన్నది టోన్‌కు సంబంధించిన మాట కాదు. ఆక్సిజన్ తీసేసిన రాగికీ మామూలు కరెంటు రాగికీ వాహకతలో ఒక శాతం తేడా ఉంటే గొప్ప. బంగారం రాగి కన్నా తక్కువ వాహకత ఉన్న లోహం. పిన్నుకు దాని పూత వేసేది తుప్పు పట్టకుండా. రోజూ గుచ్చి తీసే పిన్నుకు నికెల్ పూత ఇంకా గట్టిది. బాణం గుర్తు కూడా అంతే. గిటార్ సిగ్నల్ సెకనుకు వందల సార్లు అటూఇటూ ఊగే కరెంటు, దానికి ఒకే దిశ అన్నది లేదు. షీల్డ్‌ను ఒక చివరే కలిపిన ప్రత్యేకమైన కేబుళ్లలో మాత్రం ఆ గుర్తుకు ఒక అర్థం ఉంది.

'వైరు వైరే, ఏదైతేనేం' అనే పాతకాలం వాయిద్యకారులతో కూడా నేను ఏకీభవించను. వాళ్లలో చాలామంది వాయించింది కీబోర్డ్, లేదా లోపల బ్యాటరీ ప్రీఆంప్ ఉన్న ఎలక్ట్రో అకౌస్టిక్ గిటార్. వాళ్ల అనుభవం వాళ్లకు నిజం. ప్రీఆంప్ నుంచి వచ్చే సిగ్నల్ ఇంపీడెన్స్, అంటే దారిలో ఎదురయ్యే అడ్డు, బాగా తక్కువ, దాన్ని పది మీటర్ల కేబుల్ ఏమీ చేయలేదు. తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌లదీ అదే కథ. అలాంటి వాయిద్యం ఉన్నవాళ్లు టోన్ కోసం తక్కువ కెపాసిటెన్స్ కేబుల్ కొంటే డబ్బు దండగే.

మన వాయిద్యాల దగ్గరికి వస్తే ప్రశ్న రూపమే మారిపోతుంది. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని పలికించి, ఒక పరాయి వాయిద్యాన్ని మన కచేరీ వేదిక ఎక్కించారు. జంట తీగల పద్ధతి వదిలి అయిదు ఒంటి తీగల మాండలిన్ ఎంచుకున్నారు. గమకం లాగాలంటే తీగ మోగుతూ ఉండాలి. మామూలు మాండలిన్‌లో స్వరం మీటగానే ఆరిపోతుంది. కరెంటు ఆ ఆయుష్షు ఇచ్చింది. అయస్కాంత పికప్ కాబట్టి దానికీ గిటార్ లెక్కే వర్తిస్తుంది. గమకం చివర స్వరం సన్నబడుతున్నప్పుడు ముందుగా వెళ్లిపోయేవి పై హార్మోనిక్సే. వాటిని కేబుల్ ముందే మింగేస్తే ఆ తోక తొందరగా తెగిపోయినట్టు వినిపిస్తుంది. 2014లో ఆయన పోయాక ఆ దారిలో నడుస్తున్న పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ల గురువులు శ్రుతి గురించి చెప్పినంత శ్రద్ధగా కేబుల్ పొడవు గురించి కూడా చెప్పాలని నా కోరిక.

వీణ, వయొలిన్‌లకు పెట్టే కాంటాక్ట్ మైక్ ఇంకో జాతి. అది పియెజో. లోపల ఒక ఇత్తడి బిళ్ల, దాని మీద తెల్లటి సెరామిక్ పూత. అది అసలే ఒక కెపాసిటర్. దానికి పొడుగు కేబుల్ తగిలిస్తే పైశబ్దం పోదు. మొత్తం శబ్దమే తగ్గుతుంది. అసలు ప్రమాదం అవతలి చివర ఉంటుంది. చవక బిళ్ల కెపాసిటెన్స్ సుమారు 20 నానోఫారడ్లు. దాన్ని పది వేల ఓంల మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కు కలిపితే 800 హెర్ట్జ్ కింద ఉన్నదంతా సన్నబడిపోతుంది. వీణ మంద్ర స్థాయి 100 హెర్ట్జ్‌కు అటూఇటూ పలుకుతుంది. అంటే వీణ ఒంట్లో సగం వేదిక మీదే ఉండిపోతుంది, రేకు మోత మాత్రం పెట్టెలోంచి వస్తుంది. అదే బిళ్లను పది లక్షల ఓంల ఇన్‌పుట్ ఉన్న చిన్న ప్రీఆంప్‌కు కలిపితే ఆ కోత 8 హెర్ట్జ్‌కు దిగిపోతుంది, అంటే లేనట్టే. నేలకొండపల్లిలోనూ భద్రాచలంలోనూ రామదాసు పేర జరిగే ఉత్సవాల్లో వీణ వినేవాళ్లకు కొన్నిసార్లు ఆ రేకు గొంతే దక్కుతుంది. తప్పు వైణికుడిది కాదు, వీణది అసలే కాదు. అక్కడ కావలసింది మంచి కేబుల్ కాదు, వాయిద్యం పక్కనే ఒక ప్రీఆంప్.

ఇక నేలకు సంబంధించిన సంగతులు. ఇక్కడ కేబుల్ చచ్చేది టోన్ వల్ల కాదు, ఎండ వల్ల, చెమట వల్ల, నీళ్ల వల్ల, ఎలుకల వల్ల. మేలో కొత్తగూడెంలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. కారు డిక్కీలో పడేసిన కేబుల్ పైతొడుగు మొదట మెత్తబడి, కొన్నాళ్లకు బిరుసెక్కి, వంగిన చోట పగులుతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు చూడలేదు. ఆ వరద తీశాక ఒక పల్లపు కాలనీ నుంచి కొన్ని కేబుళ్లు నా దగ్గరికి వచ్చాయి. బయట కడిగి ఆరబెట్టారు, చూడ్డానికి కొత్తవాటిలా ఉన్నాయి. పిన్ను విప్పి తొడుగు ఒలిస్తే రాగి నల్లగా ఉంది, దాని మీద పచ్చటి పొడి. నాలుగు వేళ్లు వెనక్కి కోశాను, నలుపే. అడుగు వెనక్కి కోశాను, నలుపే. వత్తి నూనెను పీల్చుకున్నట్టు షీల్డ్ అల్లిక నీళ్లను లోపలికి పీల్చుకుంది. అలాంటి రాగికి లెడ్డు అంటుకోదు. వాటిని బాగుచేయలేనని చెప్పడం నాకు చాలా కష్టమనిపించింది. ఇచ్చినవాళ్లు ఇల్లు కడిగి, పుస్తకాలు ఆరబెట్టి, ఆ తర్వాత వీటిని భద్రంగా చుట్టి తెచ్చారు.

షీల్డ్ ఎలా అల్లారన్నది చూడాల్సిన మొదటి విషయం. జడలా అల్లినది గట్టిది, సందులు తక్కువ, కాకపోతే కాస్త బరువు. ఒకే వైపు చుట్టినది మెత్తగా వంగుతుంది, కానీ ఏడాది తొక్కుళ్లకు విచ్చుకుంటుంది. రేకు షీల్డ్ గోడలోంచి పోయే వైరుకు సరే, వేదిక మీద మడత పడి చిరుగుతుంది. గిటార్ కొన్నప్పుడు ఉచితంగా ఇచ్చిన కేబుల్ ఒకటి నిలువునా కోసి చూశాను. లోపల షీల్డ్ పేరుతో పాతిక వెంట్రుకలు కూడా లేవు, వాటి మధ్య నుంచి లోపలి తెల్ల ప్లాస్టిక్ కనబడుతోంది. జనరేటర్ మీద, సీరియల్ లైట్ల పక్కన అలాంటి వైరు 50 హెర్ట్జ్ హమ్మింగును పట్టుకోక ఏం చేస్తుంది? మంచి కేబుల్‌లో షీల్డ్ కింద నల్లటి వాహక ప్లాస్టిక్ పొర ఒకటి ఉంటుంది. కేబుల్‌ను తొక్కినప్పుడు పెట్టెలోంచి వచ్చే టపటప శబ్దాన్ని అది ఆపుతుంది.

హమ్మింగ్ వస్తే కేబుల్‌నే తిట్టడం కూడా న్యాయం కాదు. గిటార్ పట్టుకుని నిలబడ్డ చోటే చుట్టూ తిరిగి చూడండి. దిశ మారినప్పుడల్లా హమ్మింగ్ పెరిగి తగ్గుతుంటే అది సింగిల్ కాయిల్ పికప్ గాలిలోంచి పట్టుకుంటున్నది. ఎంత మంచి కేబులైనా దాన్ని ఆపలేదు.

ఈ మాట మాత్రం ఒత్తి చెప్పాలి. గిటార్ స్ట్రింగ్స్ అన్నీ బ్రిడ్జి ద్వారా కేబుల్ షీల్డ్‌కు, అక్కడి నుంచి ఆంప్ రేకు పెట్టెకు కలిసి ఉంటాయి. అంటే వాయించేవాడి చెయ్యి ఆంప్ శరీరాన్ని ముట్టుకుని ఉన్నట్టే. ఆంప్‌కు ఎర్తు లేక, ఎక్కడో లీకై కరెంటు ఆ పెట్టెలోకి వస్తే, పెదవి మైక్‌కు తగిలిన క్షణంలో దారి పూర్తవుతుంది. 1972లో ఇంగ్లండ్ పక్కనున్న వేల్స్‌లో, స్వాన్సీ నగరంలో లెస్లీ హార్వీ అనే గిటారిస్టు ఎర్తు సరిగా లేని మైక్ ముట్టుకుని వేదిక మీదే చనిపోయాడు. మన పల్లెల్లో సాకెట్‌కు సరిపడలేదని ప్లగ్గు మూడో పిన్ను కోసేయడం నా కళ్లతో చూశాను. హమ్మింగ్ తగ్గుతోందని ఎర్తు తీసేయడమూ చూశాను. దయచేసి ఆ పని చేయొద్దు. జనరేటర్ పక్కన తడి నేలలో రాడ్డు దింపి ఎర్తు ఇవ్వమని మైక్ సెట్ అన్నను అడగడానికి మొహమాటపడొద్దు.

కేబుల్ కొనడం కన్నా తయారుచేసుకోవడమే ఇక్కడివాళ్లకు మంచిదని నా అభిప్రాయం. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే మంచి కేబుల్ మీటర్ల లెక్కన, విప్పి బిగించే పిన్నులు విడిగా దొరుకుతాయి. పోతపోసిన పిన్ను పాడైతే కోసి పారేయాలి. మరతో బిగించేది పాడైతే పది నిమిషాల పని. 25 వాట్ల ఐరన్, లెడ్డు, బ్లేడు చాలు. పైతొడుగును రెండు సెంటీమీటర్లు ఒలవాలి. షీల్డ్ అల్లికను విడదీసి ఒక పక్కకు పురిపెట్టాలి. అప్పుడు లోపల ఆ నల్ల పొర కనబడుతుంది. దాన్ని చాలామంది మామూలు ప్లాస్టిక్ అనుకుని వదిలేస్తారు. అది కరెంటు పారే పొర. మధ్య తీగ కాలుకు తగిలితే సిగ్నల్ షీల్డ్‌లోకి కారిపోతుంది. దాన్ని కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి శుభ్రంగా ఒలిచి తీసేయాలి. తర్వాత పిన్ను కాలునీ తీగనూ ముందు వేడి చేసి, లెడ్డును ఆ వేడికి తాకించాలి. ఐరన్ మొనకు లెడ్డు అంటించి పులమడం కాదు. సరిగ్గా అతికితే చల్లారేటప్పుడు నీటి బొట్టులా మెరుస్తుంది. బూడిద రంగులో, గరుకుగా ఉంటే లోపల అతకలేదని. అలాంటి అతుకే ఆరు నెలల తర్వాత, సరిగ్గా సోలో మధ్యలో గరగరలాడుతుంది. చివరికి క్లాంపు కేబుల్ పైతొడుగును పట్టుకోవాలి, తీగలను కాదు. లాగుడు బరువు అతుకు మీద పడకూడదు.

తయారయ్యాక కెపాసిటెన్స్ కొలిచే మల్టీమీటర్ ఉంటే ఒక కొనను ఖాళీగా వదిలి, ఇంకో పిన్ను కొసకూ ఒంటికీ మీటర్ ముళ్లు తాకించండి. మూడు మీటర్లకు అర నానోఫారడ్ లోపు వస్తే హాయి. ఈ ఒక్క అంకె షాపులో వినే అన్ని విశేషణాల కన్నా నమ్మదగ్గది. స్పీకర్ కేబుల్‌తో మాత్రం పొరపాటు పడొద్దు. దానికీ అదే పిన్ను ఉంటుంది, లోపల షీల్డ్ ఉండదు. గిటార్‌కు దాన్ని పెడితే హమ్మింగ్ ముంచేస్తుంది. తిరగేసి, సన్నటి గిటార్ కేబుల్‌ను ఆంప్ నుంచి స్పీకర్‌కు వాడితే అది వేడెక్కుతుంది, ఆంప్‌కే ముప్పు.

పెద్ద వేదికలకు కేబుల్‌తో కుస్తీ పట్టడం తెలివైన పని కాదు. భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణం జరిగే మిథిలా స్టేడియం లాంటి చోట వేదిక నుంచి మిక్సర్‌కు ఉన్న దూరం గిటార్ సిగ్నల్ భరించేది కాదు. అక్కడ వాయిద్యం దగ్గరే డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మైక్ లైన్‌కు తగ్గట్టు మార్చే పెట్టె) పెట్టి, మూడు పిన్నుల మైక్ లైన్‌లో పంపిస్తారు. వంద మీటర్లయినా సిగ్నల్ చెక్కుచెదరదు. పెడల్స్ వాడేవాళ్లు ఆ వరుసలో ఎక్కడైనా ఒక బఫర్ (ప్రీఆంప్‌లా ఇంపీడెన్స్‌ను తగ్గించేది) ఉందో లేదో చూసుకోవాలి. ఆపినప్పుడు సిగ్నల్‌ను నేరుగా పంపేసే పెడల్స్ అయిదారు వరుసగా ఉంటే, వాటి మధ్య చిన్న కేబుళ్లన్నీ కలిసి ఒకే పొడవాటి కేబుల్ అవుతాయి. మొదట్లో ఒక్క బఫర్ ఉంటే దాని తర్వాతి పొడవు లెక్కలోకి రాదు. వైర్‌లెస్ అయినా తటస్థం కాదు. 1970ల చివర్లో రాక్ గిటారిస్టు ఆంగస్ యంగ్ వాడిన షాఫర్-వేగా వైర్‌లెస్ సిగ్నల్‌ను అదిమి మళ్లీ విప్పేది. ఆ రంగు నచ్చి ఇప్పటికీ దాన్ని పోలిన పెట్టెలు కొంటున్నారు. ఇప్పటి డిజిటల్ సెట్లలో కొన్నింటికి, కేబుల్ పొడవును అనుకరించే మీట విడిగా ఉంటుంది. కేబుల్ ఆ పైశబ్దాన్ని కొంత తీసేయకపోతే గిటార్ మరీ పదునెక్కుతోందని వాయించేవాళ్లే ఆ మీట అడిగారు.

కేబుల్ పైశబ్దం తీసేస్తుందంటే అది చెడు అని కాదు. రాక్ గిటారిస్టు జిమి హెండ్రిక్స్ స్ప్రింగులా చుట్టుకునే కేబుళ్లు వాడాడు. అలాంటి చుట్టల్లో తీగ నిడివి చాలా ఎక్కువ, కెపాసిటెన్సూ ఎక్కువ. పదునైన సింగిల్ కాయిల్ పికప్‌నూ చెవులు గడియలు పడేంత పెద్ద ఆంప్‌నూ ఆ కేబుల్ కాస్త మెత్తబరిచింది. అదే గిటార్‌కు ఇవాళ తక్కువ కెపాసిటెన్స్ కేబుల్ పెడితే, ఆ రికార్డుల్లోని గొంతు రాదు.

మొన్న వేసవిలో మళ్లీ అదే పల్లెకు వెళ్లాను. ఆ కుర్రాడు ఇప్పుడు ఇద్దరు చిన్నపిల్లలకు కార్డ్స్ నేర్పుతున్నాడు. అతని బ్యాగులో రెండు కేబుళ్లున్నాయి, రెండూ తనే చేసుకున్నవి. మూడు మీటర్లదానికి తెల్ల టేపు, పది మీటర్లదానికి ఎర్ర టేపు చుట్టాడు. ఆరాధన మొదలయ్యాక తెల్ల టేపుది వాడాడు. చివర్లో అమ్మలు నెమ్మదిగా ఒక పాత కీర్తన ఎత్తుకున్నారు. అతను గిటార్ మ్యూట్ చేసి, తెల్లది తీసి, ఎర్ర టేపుది గుచ్చి, వాళ్ల గొంతుల కింద మెల్లగా మీటడం మొదలుపెట్టాడు.